2024లో ఆడిన గేముల్లో నా మనసులో ఉండిపోయినవి

ఈ సంవత్సరం నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చిన గేమ్ సైజు 33 ఎంబీ, వాట్సాప్‌లో వచ్చే పెళ్లి వీడియో ముక్క అంత. పేరు యానిమల్ వెల్. బిల్లీ బాసో అని ఒక్కడే దాదాపు ఏడేళ్లు కూర్చుని, ఇంజిన్ (గేమ్‌ని నడిపించే అసలు ప్రోగ్రామ్) కూడా తనే రాసుకుని చేశాడు, మే 9న రిలీజ్ అయింది. పెద్ద బడ్జెట్ గేములు కూడా ఆడాను, వాటి గురించి కూడా చెప్తా, కానీ ఏడాదంతా ఆడినవి ఒక్కసారి తల్చుకుంటే గుర్తొచ్చేవన్నీ ఒకే రకంగా ఉన్నాయి, స్క్రీన్ మీద బాణం గుర్తు పెట్టి అటు పో ఇది నొక్కు అని చెప్పకుండా, ఆడేవాడే చూసుకుంటాడులే అని వదిలేసినవి.

యానిమల్ వెల్‌లో మనం ఒక చిన్న ముద్దలాంటి ప్రాణి, చేతిలో కత్తీ లేదు తుపాకీ లేదు. దొరికేవన్నీ పిల్లల ఆటవస్తువులే, యోయో, ఫ్రిస్బీ, సబ్బు బుడగలు ఊదే పుల్ల, మెట్లు దిగే స్ప్రింగ్, అలాంటివి. ఏది ఎందుకో ఎక్కడా రాసి ఉండదు. ఫ్రిస్బీ విసిరితే స్విచ్ నొక్కుకుంటుంది, సరే అనుకుంటాం, తర్వాత ఎప్పుడో దాని మీదకే ఎక్కి పోవచ్చని మనకే తడుతుంది, కుక్కలు మీదపడే చోట అది విసిరితే వాటి ధ్యాస దాని మీదకి పోతుందని ఇంకోసారి తెలుస్తుంది, అంటే ఆ వస్తువు మొదటి నుంచీ మన దగ్గరే ఉంది, దాని వాడకమే మనకి కొత్తగా తెలిసింది, కొత్త శక్తి ఏమీ రాలేదు. టపాకాయ పేలిస్తే దెయ్యం పారిపోతుంది. సేవ్ చేసుకోవాలంటే గోడకున్న పాత ల్యాండ్‌లైన్ ఫోన్ ఎత్తాలి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని లైట్లు ఆపేసి ఆడాల్సిన గేమ్ ఇది, నీళ్ల చుక్కల సౌండూ దూరంగా ఏదో జంతువు కదిలిన సౌండూ తప్ప చాలాసేపు ఏమీ వినపడదు.

కథ అయిపోయిందని పేర్లు పడ్డాక కూడా గేమ్ అయిపోలేదు. గుడ్లు దాచిపెట్టాడు, మొత్తం 64. వాటి కింద ఇంకో లేయర్ ఉంది, అందులో ఒక కుందేలు బొమ్మ పజిల్ ఉంది, ఆ బొమ్మ 50 ముక్కలు, ఒక్కో ప్లేయర్‌కి ఒక్క ముక్కే కనిపిస్తుంది. ఒంటరిగా ఆడేవాడికి అది జన్మలో తేలదు, ఎక్కడెక్కడివాళ్లో తమ ముక్కలు తెచ్చి కలిపితేనే బొమ్మ పూర్తవుతుంది. మల్టీప్లేయర్ అన్న మాటే లేని గేమ్‌లో ఇలాంటిది పెట్టాలన్న ఆలోచన ఎలా వచ్చిందో గానీ, నాకు ఆ మనిషి మీద గౌరవం మాత్రం చాలా పెరిగిపోయింది.

రెండోది బలాట్రో. దీని గురించి వినని గేమర్ ఉండడు ఈపాటికి. ఫిబ్రవరి 20న వచ్చింది, చేసినతను కెనడాలో ఉంటాడు, అసలు పేరు బయటపెట్టలేదు, లోకల్‌థంక్ అనే పిలుస్తారు. పోకర్ పేకాటలో కలిపే జట్లే, పెయిర్ (ఒకే అంకెవి రెండు), స్ట్రెయిట్ (వరసగా ఐదు), ఫ్లష్ (ఒకే గుర్తువి ఐదు) అంతే, కానీ అవతల ప్రత్యర్థి ఉండడు, ఒక స్కోరు ఉంటుంది, దాన్ని దాటాలి. చిప్స్ (పాయింట్లు) ఇంటూ మల్ట్ (ఎన్ని రెట్లు అన్నది), ఇదే లెక్క. పెయిర్ అంటే 10 ఇంటూ 2తో మొదలు, ఫ్లష్ అయితే 35 ఇంటూ 4. మొదట 300 దాటితే చాలు, ఎనిమిదో యాంటీ, అంటే ఎనిమిదో దశ, చివరికొచ్చేసరికి లక్ష కావాలి, అక్కడికి మామూలు పేకలతో పోలేం, లెక్కని మార్చే ప్రత్యేక కార్డులు, 150 జోకర్లలో మనకి గేమ్‌లోని షాపులో తగిలిన ఐదింటితో లెక్క మార్చుకోవాలి.

ఉదాహరణకి బారన్ అనే జోకర్ ఉంటే, ఆడకుండా చేతిలో ఉంచుకున్న ఒక్కో రాజుకి మల్ట్ ఒకటిన్నర రెట్లవుతుంది. మూడు రాజులుంటే మూడు రెట్ల పైన. పక్కన మైమ్ అనే ఇంకో జోకర్ దొరికిందనుకోండి, అది చేతిలో ఉన్న ముక్కల పనిని రెండోసారి చేయిస్తుంది, అదే మూడు రాజులకి 11 రెట్లు దాటిపోతుంది! అప్పటిదాకా రాజుల్ని ఆడేద్దాం అనుకున్నవాడు ఒక్కసారిగా రాజుల్ని దాచుకోవడం మొదలుపెడతాడు, షాపులో ఏది కొనాలి ఏది అమ్మాలి అంతా తలకిందులవుతుంది. ఈ రెండూ కలిస్తే ఇలా అవుద్ది అని గేమ్ ఎక్కడా చెప్పదు, రెండు కార్డుల మీద రెండు చిన్న వాక్యాలు రాసి ఉంటాయి అంతే.

సెప్టెంబర్‌లో ఫోన్‌లోకి కూడా వచ్చింది. ఇంట్లో నేను ఆడుతుంటే నాన్న చూసి "ఏంట్రా, ఆన్‌లైన్ రమ్మీనా" అన్నారు, గొంతులో భయం తెలుస్తూనే ఉంది. ఆ భయం న్యాయమే, ఆ రమ్మీలో డబ్బులు పోగొట్టుకుని కుదేలైన ఇళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి, అందుకే తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో బ్యాన్ చేశాయి. ఇందులో రూపాయి పెట్టేది లేదు నాన్నా, ఒకసారి కొనుక్కుంటే అంతే అని చెప్పి పక్కన కూర్చోబెట్టుకుని చూపించా. ఇస్పేటు, ఆఠీను, కళావరు అని పిలుస్తూ రెండు నిమిషాల్లో పట్టేశారు, "ఆ డైమన్ ఆసు పారెయ్, ఇస్పేట్లు నాలుగున్నాయిగా, ఇంకోటొస్తే ఫ్లష్షే" అని నాకన్నా ముందే చెప్తున్నారు. యూరప్‌లో గేములకి వయసు రేటింగ్ ఇచ్చే పెగీ వాళ్లు 2024లో దీనికి 18 రేటింగ్ ఇచ్చారు (2025లో 12కి తగ్గించారు), నిజం డబ్బుతో లూట్ బాక్సులు, అంటే లోపల ఏముందో తెలియని పెట్టెలు, అమ్మే గేములకి మాత్రం అప్పుడు చిన్నపిల్లల రేటింగులు ఉండేవి, ఇది నాకు అస్సలు నచ్చలేదు.

జనవరిలో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా ది లాస్ట్ క్రౌన్‌ని చాలామంది వదిలేశారు, దయచేసి వదలొద్దు. హీరో సార్గోన్ అనే కుర్రాడు, కాఫ్ పర్వతం, సీముర్గ్ పక్షి పర్షియన్ పురాణాల నుంచి తీసుకున్నవే, వాయిస్ ఫార్సీలో పెట్టుకుని కూడా ఆడొచ్చు, నేను అలాగే ఆడాను, ఆ భాషలో వింటుంటే ఆ కోటలకీ ఆ మనుషులకీ సరిగ్గా అతికినట్టు ఉంటుంది. మెట్రాయిడ్‌వేనియా, అంటే కొత్త శక్తి దొరికాక పాత చోట్లకి మళ్లీ వెళ్లి మూసిన దారులు తెరిచే రకం గేములు, ఆడేవాళ్లందరికీ ఉండే పెద్ద తలనొప్పి, ఆ తలుపు ఎక్కడో చూశానే, ఎక్కడబ్బా అని. దీంట్లో ఒక బటన్ నొక్కితే ఎదురుగా ఉన్నది ఫోటో తీసి మ్యాప్ మీద అక్కడే అతికిస్తుంది, కొత్త శక్తి వచ్చాక మ్యాప్ తెరిచి ఫోటోలు చూసుకుని వెళ్లిపోవడమే. ఇంత చిన్న ఐడియా ఇన్నేళ్లుగా ఎవరికీ ఎందుకు రాలేదో! ఇక నుంచి ఈ రకం గేమ్ ఏది వచ్చినా ఇది లేకపోతే నాకు లోటుగానే ఉంటుంది. ఇంత బాగా చేసిన టీమ్‌ని తర్వాత వేరే ప్రాజెక్టులకి పంపేశారని అక్టోబర్‌లో వార్త చదివి బాధేసింది.

బ్లాక్ మిత్ వూకాంగ్ ఆగస్టు 20న వచ్చింది, మూడు రోజుల్లో కోటి కాపీలు పోయాయి. చైనాలో హాంగ్‌జౌ నుంచి గేమ్ సైన్స్ అనే స్టూడియో చేసింది. మ్యాపులో దారి ఉన్నట్టే కనిపించి కనపడని గోడ తగలడం నాకు విసుగు తెప్పించింది, అందుకే పై మూడింటి తర్వాత పెట్టాను. కానీ రెండో చాప్టర్‌లో తల లేని మనిషి ఒకడు ఎడారిలో కూర్చుని మూడు తీగల వాయిద్యం వాయిస్తూ పాడతాడు, ఉత్తర షాన్షీ పల్లెల్లో కథ చెప్పేవాళ్ల బాణీ అది, మార్చకుండా అలాగే పెట్టారు. మన బుర్రకథ ఇలా ఒక గేమ్‌లో ఎప్పుడు వింటామా అనిపించింది, తంబురా, డక్కీలు, తందాన తానా అన్నీ ఉండి, ప్రపంచం మొత్తం అర్థం కాకపోయినా ఆగి వినేలాగ. 2020లో పుణె టీమ్ ఒకటి 'రాజీ' అనే గేమ్ చేసింది కదా, కాబట్టి మన దేశంలో కాని పని ఏం కాదు.

ఆస్ట్రో బాట్ అనే గేమ్‌కి డిసెంబర్‌లో గేమ్ ఆఫ్ ది ఇయర్ అవార్డు వచ్చింది, నాకు సంతోషమే, ఇంట్లో పిల్లలున్నవాళ్లు ముందు అదే కొనండి. మిగతావాళ్లు యానిమల్ వెల్‌తో మొదలుపెట్టండి, యూట్యూబ్‌లో గైడ్లు మాత్రం చూడకండి. ఎక్కడైనా ఆగిపోతే నన్ను అడగండి, జవాబు చెప్పను గానీ ఏ గదిలోకి మళ్లీ వెళ్లి చూడాలో చెప్తా.