యుద్ధానికి వెళ్ళని సైనికుడు మా తమ్ముడు

మా బాబాయి కొడుకు అమెరికా ఆర్మీలో పనిచేశాడంటే ఊళ్ళో ఎవరైనా మొదట అడిగేది "అఫ్ఘానిస్తాన్ వెళ్ళాడా?" అనే. వెళ్ళలేదనగానే "ఓ, గోడౌన్ ఉద్యోగమేనా" అనేస్తారు. ఆ మాట వింటే నాకు మనసు చివుక్కుమంటుంది. టెక్సాస్‌లో వాడు ఏం చేశాడో దగ్గరుండి చూసినవాణ్ణి నేను.

2009లో వాడు న్యూజెర్సీలో ఎమ్మెస్ ముగించేసరికి మాంద్యం. హెచ్‌1బీ చేసే కంపెనీ లేదు, ఊళ్ళో లోను వడ్డీ పెరుగుతోంది. ఆ ఏడాదే ఆర్మీ మావ్ని అనే పథకం మొదలుపెట్టింది. గ్రీన్‌కార్డు లేకపోయినా రెండేళ్ళు చట్టబద్ధంగా ఉండి, వాళ్ళకు కావలసిన భాషల్లో ఒకటి వస్తే చేరొచ్చు. వీడు హిందీతో చేరాడు. సౌత్ కరోలినాలోని ఫోర్ట్ జాక్సన్‌లో పది వారాల బేసిక్ ట్రైనింగ్ అయ్యేసరికి పౌరసత్వం ఇచ్చేశారు. నేనేమో డాలస్‌లో గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాను. నిజం చెప్పాలంటే కాస్త అసూయ కూడా కలిగింది.

పోస్టింగ్ టెక్సాస్‌లోని ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరంలో, సప్లై రూమ్‌లో. అంతకు కొద్ది నెలల ముందే, 2009 నవంబర్‌లో, అక్కడ కాల్పుల్లో 13 మంది చనిపోయారు. "యుద్ధంలోకి పంపరు కదా నాయనా" అని పిన్ని ఫోన్‌లో అడుగుతుంటే నేను ఆ సంగతి ఎత్తలేదు.

2011లో యూనిట్ అఫ్ఘానిస్తాన్ వెళ్ళినప్పుడు మోకాలి దెబ్బ వల్ల వీణ్ణి రేర్ డిటాచ్‌మెంట్‌లో, అంటే యూనిట్ వెళ్ళాక వెనక ఉండిపోయే బృందంలో, ఉంచేశారు. వెళ్ళేవాళ్ళ సామాను లెక్కపెట్టి సంతకాలు తీసుకోవడం, వాళ్ళ గదులకు తాళాలు, భార్యలకు ఏదైనా కాగితం కావాలంటే తిరగడం, ఇదీ పని. ఒకసారి అక్కణ్ణుంచి ఒక కుర్రాడు చనిపోయాడన్న కబురొచ్చింది. అతని బ్యారక్స్ గదిలో సామాను జాబితా రాయడానికి వచ్చిన ఆఫీసర్‌కి సాయంగా వీణ్ణి పంపారు. సాక్సులు ఎన్ని జతలు, ఫోన్ ఛార్జర్, సగం వాడిన షేవింగ్ క్రీమ్, వీడియో గేమ్ సీడీలు, అన్నీ ఒక్కొక్కటే పైకి చదివి రాసుకోవాలి, ఏదీ వదలకూడదు, ఎందుకంటే అవి వాళ్ళ అమ్మానాన్నలకు వెళతాయి. ఆ వారాంతం నేను ఫోర్ట్ హుడ్ పక్కనున్న కిలీన్ ఊరికి వెళితే వాడు పప్పన్నం కలుపుకుని అలాగే కూర్చున్నాడు. "వాడిది నా సైజు బూట్లే అన్నా" అన్నాడు. ఇంకేం చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇది గోడౌన్ ఉద్యోగమైతే అవ్వనివ్వండి, నేను మాత్రం దీన్ని యుద్ధంలో భాగమనే అంటాను.

2013లో బయటికొచ్చి ఇప్పుడు ఐటీలోనే ఉన్నాడు. కానీ మన ఎన్నారైలకు పెద్దగా తెలియని విషయం ఒకటుంది. విదేశీ సైన్యంలో పనిచేసినవాళ్ళకు, రిటైరైనా సరే, భారత ప్రభుత్వం ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళు వీసా లేకుండా ఇండియా రావడానికి ఇచ్చేది) ఇవ్వదు. బాబాయికి పక్షవాతం వచ్చినప్పుడు నేను మర్నాడే ఫ్లైట్ ఎక్కాను, సొంత కొడుకు మాత్రం వీసా కోసం కాగితాలు సర్దుకుంటూ ఆగిపోయాడు. మావ్ని 2016లోనే ఆగిపోయింది గానీ గ్రీన్‌కార్డుతో చేరే మన పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. సంతకం పెట్టేముందు ఈ ఓసీఐ సంగతి ఇంట్లో అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడుకోండి.