గౌరీబిదనూరులో చూసిన నీడ

ఆరేళ్లుగా బెంగళూరులో ఉంటున్నా గౌరీబిదనూరు చూడలేదు. జనవరిలో మా బావమరిది తన కాలేజీ పిల్లలను అక్కడి రేడియో అబ్జర్వేటరీకి (ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే చోటు) తీసుకెళ్తుంటే, వ్యానులో సీటు ఖాళీగా ఉందని నేనూ ఎక్కేశాను. యలహంక దాటడానికే గంట పట్టింది.

ఊళ్లో టీ కొట్టాయన "యాడికి పోతాండారు సార్?" అన్నాడు. కన్నడ బోర్డు కింద తెలుగు! అక్కడి ఉత్తర పినాకిని మా నెల్లూరు పెన్నే. ఆ రోజు మాత్రం చుక్క నీళ్లు లేవు.

గేటు దగ్గరే ఫోన్లు ఆపించేశారు. లోపల పెద్ద గిన్నె లాంటి డిష్ ఉంటుందనుకున్నాను. ఉన్నవి చేపముళ్లలా నిలబెట్టిన యాంటెన్నాల వరసలు, సూర్యుణ్ణి వినడానికి. అసలు కథ 1976 నాటి రేడియో టెలిస్కోపుది. T ఆకారంలో 1000 డైపోల్స్ (జంట కడ్డీల యాంటెన్నాలు), తూర్పు పడమరలుగా దాదాపు 1.4 కిలోమీటర్లు. పట్టేది 34.5 మెగాహెర్ట్జ్, అంటే ఒక్కో అల పొడవు దాదాపు 8.7 మీటర్లు. మా వ్యాను కంటే పొడవు!

1980లలో దాంతో రోసెట్ నెబ్యులా అనే అంతరిక్ష వాయు మేఘాన్ని చూశారట. నక్షత్రాల అతినీలలోహిత కాంతికి అక్కడి హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. అవి ప్రోటాన్ల పక్కగా పోతూ దారి వంగినప్పుడు రేడియో తరంగాలు పుడతాయి. అందుకే మామూలుగా పొట్టి అలలతో గీసే రేడియో పటాల్లో అది వెలుగుతుంది. ఇక్కడ మాత్రం నీడలా కనిపించింది.

వేల డిగ్రీల వేడి వాయువుకు నీడేమిటి? నాకు బుర్ర తిరిగింది. చూపించేవాయన నవ్వి, "సూర్యుడి మచ్చ నాలుగు వేల డిగ్రీలుంటుంది, మరి నల్లగా ఎందుకుంది?" అన్నారు. చుట్టూ ఉన్నది దానికంటే వేడి కాబట్టి! పొడుగు అలల్లో మన గెలాక్సీ నేపథ్యం పదుల వేల డిగ్రీలకు సమానంగా మెరుస్తుంది. నెబ్యులా వాయువు ఆ అలలను మింగేసి, తన వేడికి తగ్గంతే బయటికి ఇస్తుంది. నీడ ఎంత చిక్కగా ఉందో చూస్తే, ఆ మెరుపులో ఎంత నెబ్యులాకు ఇవతల ఉందో, ఎంత అవతల ఉందో లెక్క కట్టవచ్చట. నాకు బాగా నచ్చింది ఇదే. పిల్లలు అప్పటికే భోజనం ఎప్పుడని అడుగుతున్నారు.

తిరుగు దారిలో కొన్న ద్రాక్ష పుల్లగా ఉంది.

రాత్రి మేడెక్కాను. రోసెట్ నెబ్యులా ఆర్ద్ర నక్షత్రానికి ఎడమగా, చేయి చాచి పిడికిలి పట్టినంత దూరంలో ఉంటుందన్నారు. నాకు కనిపించింది ఊరి దీపాల నారింజ రంగు మసక ఒక్కటే. ఇంతలో ట్యాంకు పొర్లిన చప్పుడైంది. మోటారు కట్టేయడానికి కిందికి పరిగెత్తాను.