ఎస్తేరు కోసం రోజూ తిరిగినవాడు

యాకోబు పత్రిక మొదటి అధ్యాయం 27వ వచనం మన సంఘాల్లో కంఠతా రానివాళ్ళు తక్కువ. "తండ్రియైన దేవుని యెదుట పవిత్రమును నిష్కళంకమునైన భక్తి యేదనగా దిక్కులేని పిల్లలను విధవరాండ్రను వారి యిబ్బందిలో పరామర్శించుటయు, ఇహలోకమాలిన్యము తన కంటకుండ తన్నుతాను కాపాడుకొనుటయునే." సండే స్కూల్లో నేను పిల్లలకు నేర్పే మొదటి వచనాల్లో ఇదొకటి. ఈ వచనం పట్టుకునే మా సంఘం నుంచి కొందరం నేపాల్ వెళ్ళి వచ్చాం. అక్కడ చూసినదాని కంటే, ఈ వచనం అక్కడ నాకు ఎలా అర్థమైందో చెప్పాలని ఇది రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం, సోంపేట వైపు. ఇక్కడికీ నేపాల్ కొండలకీ సంబంధం ఖతార్‌లో కుదిరింది. మా సంఘం కుర్రాడు ఒకడు అక్కడ వెల్డర్. మన జిల్లా కుర్రాళ్ళు వెల్డింగ్, ఫిట్టింగ్ పనులకు గల్ఫ్ వెళ్ళడం కొత్త సంగతి కాదు కదా. వాళ్ళ లేబర్ క్యాంపులో శుక్రవారం ప్రార్థన కూడికకు తెలుగువాళ్ళు, నేపాలీలు కలిసి కూర్చునేవారు. పక్క మంచం నేపాలీ సోదరుడు ఒక రాత్రి నిద్రలోనే చనిపోయాడు. పెట్టె కాఠ్మాండూ విమానాశ్రయానికి వెళ్ళింది. పిల్లల తల్లి అంతకుముందే కాలం చేసింది, ఇంటి దగ్గర మిగిలింది ముసలి తల్లి, పిల్లలు. మా కుర్రాడు సెలవుకి వచ్చినప్పుడు సంఘంలో సాక్ష్యం చెప్తూ ఆ పిల్లల మాట దగ్గర ఆగిపోయి ఏడ్చాడు. ఆ ఆదివారమే మా పెద్దలు అనుకున్నారు, ఊరికే ప్రార్థన చేసి వదిలేయకూడదని.

ఏం చెయ్యాలన్నది మాత్రం వెంటనే తేలలేదు. ఒక మంచి హోమ్ చూసి పిల్లల్ని చేర్పిద్దాం, నెలనెలా డబ్బు పంపుదాం అన్నారు కొందరు. అప్పుడు మా సంఘంలో ఒక పెద్దావిడ, ఇంట్లో ఎసరు పెట్టిన ప్రతిసారీ దేవుని పనికి గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టే మనిషి, లేచి ఒక్క మాట అడిగింది. "పిల్లల్ని కొండ దింపీసి ఎక్కడికో పట్టుకుపోతే ఆ ముసల్ది ఏటైపోద్దమ్మా?" ఆ ప్రశ్నకు అప్పుడు ఎవరి దగ్గరా జవాబు లేదు. నేపాల్ వెళ్ళాక ఆ ప్రశ్నే సరైనదని తేలింది.

హౌరా మీదుగా రక్సౌల్, అక్కడ సరిహద్దు దాటితే బీర్‌గంజ్. మనవాళ్ళకు వీసా అక్కర్లేదు. మన వంద రూపాయలు అక్కడ నూట అరవై. అక్కడి నుంచి మక్వాన్‌పూర్ జిల్లా కొండలు. తమాంగులు, చేపాంగులు ఉండే ఊళ్ళు. మతమార్పిడి మీద నేపాల్ చట్టం గట్టిగా ఉంటుంది, అందుకే ప్రసంగాలు, కరపత్రాలు ఏవీ పెట్టుకోలేదు. అక్కడి సంఘం చెప్పిన పని చేసి రావాలన్నదే మా తీర్మానం. నేపాల్లో వారాంతపు సెలవు శనివారం, కాబట్టి ఆరాధన కూడా శనివారమే. చెప్పులు బయట వదిలి, మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చుంటారు. "జయ్ మసీహ్" అని చేతులు జోడించి పలకరిస్తారు. కోదో అని వాళ్ళు పిలిచేది మన చోళ్ళే (రాగులు). ఆ పిండితో ముద్ద చేసి పెడితే మాలో పెద్దవాళ్ళకు ప్రాణం లేచి వచ్చింది.

అక్కడి పాస్టర్ గారు మమ్మల్ని ఏ హోమ్‌కీ తీసుకెళ్ళలేదు. ఎందుకో ఆయన చెప్పిన విషయం ప్రతి తెలుగు సంఘం వినాలి.

నేపాల్లో 1996 నుంచి 2006 వరకు అంతర్యుద్ధం జరిగింది. ఆ రోజుల్లో హుమ్లా లాంటి మారుమూల కొండ జిల్లాల్లోకి దళారులు వెళ్ళి, మీ పిల్లలకు పట్నంలో చదువు చెప్పిస్తాం అని తల్లిదండ్రుల దగ్గర డబ్బు కూడా తీసుకుని పిల్లల్ని దింపారు. తల్లీ తండ్రీ బతికుండగానే అనాథలని కాగితాలు పుట్టించారు. ఆ హోమ్‌లలో ఎక్కువ భాగం విదేశీయులు తిరిగే కాఠ్మాండూ, లలిత్‌పూర్, పోఖరా, చిత్వాన్ ప్రాంతాల్లోనే వెలిశాయి. పిల్లలు పుట్టిన కొండల్లో కాదు. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో దాదాపు తొమ్మిది వేలమంది చనిపోయాక మళ్ళీ అదే భయం పట్టుకుంది, పిల్లల్ని అనుమతి లేకుండా జిల్లా దాటించకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టాల్సి వచ్చింది. ఇది నేపాల్ ఒక్కదాని సంగతి కాదు. ప్రపంచంలో అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఐదుగురిలో కనీసం నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని సేవ్ ద చిల్డ్రన్ సంస్థ 2009లోనే రాసింది. కంబోడియాలో 2005 నుంచి 2010 లోపు ఇలాంటి హోమ్‌లు 75 శాతం పెరిగాయి. సందర్శకులూ, దాతలూ ఎక్కువయ్యే కొద్దీ పిల్లల్ని ఇళ్ళ నుంచి తెచ్చి నింపడం ఎక్కువైంది. 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా అనాథాశ్రమాలకు వచ్చిపోయేవాళ్ళు చేసే స్వచ్ఛంద సేవ వల్ల పిల్లలకు జరిగే హాని గురించి హెచ్చరించింది.

అనాథాశ్రమాలు నడిపిన దైవజనులను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. 1866 కరువులో, మన ప్రాంతం ఇంకా గంజాం జిల్లాలో ఉన్నప్పుడు, రోడ్డున పడ్డ పిల్లల్ని మిషనరీలు చేరదీయకపోతే వాళ్ళు బతికేవాళ్ళు కాదు. నిజంగా ఎవరూ మిగలని పిల్లలు ఈ రోజుకీ ఉన్నారు, వాళ్ళకు ఆశ్రయం కావాలి. కానీ నాన్నమ్మ ఉన్న పిల్లవాడిని అనాథ అని రాసి, మన కానుకతో ఆ నాన్నమ్మ నుంచి దూరం చేస్తే, దిక్కులేని పిల్లల్ని మనమే తయారు చేస్తున్నట్టు. కీర్తన 68:6లో "దేవుడు ఏకాంగులను సంసారులనుగా చేయువాడు" అని ఉంది. ఆయన చేసే పనికి ఎదురు పని చేసి, దాన్ని ఆయన పేరు మీద రాయకూడదు.

బైబిల్లో తల్లిదండ్రులు లేని పిల్ల ఎస్తేరు. ఆమెను పెంచింది మొర్దెకై, అతనికి ఆమె చిన్నాన్న కూతురు. ఎస్తేరు గురించి మనం ప్రసంగాల్లో ఎప్పుడూ రాణి అయ్యాక జరిగిన కథే చెప్పుకుంటాం, మూడు రోజుల ఉపవాసం, తన జనాన్ని కాపాడమని అడగడానికి రాజు ముందుకు వెళ్ళడం. రెండో అధ్యాయం పదకొండో వచనం దగ్గర మాత్రం ఆగం. ఎస్తేరును రాజు అంతఃపురానికి తీసుకుపోయాక, ఆమె ఎలా ఉందో, ఆమెకు ఏమవుతుందో తెలుసుకోవడానికి మొర్దెకై ప్రతిరోజూ ఆ ఆవరణ ముందు తిరిగేవాడు. లోపలికి వెళ్ళే వీలు లేదు. ఆమె చేతికి ఏమైనా ఇచ్చే వీలూ లేదు. అయినా మానలేదు. ఆ ఊళ్ళో అతనొక పరదేశి, చెరపట్టబడి వచ్చినవాళ్ళ సంతతి. అతని దగ్గర ఉన్నదల్లా రేపు కూడా వస్తాననే ఓపిక.

ఎస్తేరు చివరికి తన ప్రాణం పణంగా పెట్టి రాజు దగ్గరకు వెళ్ళగలిగిందంటే దాని వెనుక మొర్దెకై మాటలు ఎంత పని చేశాయో, బయట ఒక మనిషి రోజూ నా కోసం తిరుగుతున్నాడన్న ధైర్యం కూడా అంత పని చేసిందని నా నమ్మకం. ఆ మనిషి మీద అంత గురి కుదరకపోతే, అంత కష్టమైన మాట చెప్పి పంపినప్పుడు ఆమె వినేదా? పెంచడం అంటే ఇదే అనిపిస్తుంది నాకు.

యోహాను 14:18లో ప్రభువు చెప్పిందీ ఇదే. సిలువకు ముందు రాత్రి, శిష్యులు భయంతో ఉన్నప్పుడు, "మిమ్మును అనాథలనుగా విడువను, మీ యొద్దకు వత్తును" అన్నాడు. ఈ మాటలో ఇల్లూ వాకిలీ ప్రస్తావన లేదు. విడువను అన్నాడు. ఈ మాట చదివాక మిషన్ ట్రిప్ గురించి ఆలోచిస్తే గుండె బరువెక్కుతుంది. ట్రిప్ అంటేనే వచ్చి వెళ్ళిపోవడం. పాటలు నేర్పి, బొమ్మలు పంచి, ఎత్తుకుని ముద్దాడి, మెడ చుట్టూ చేతులు వేసిన పిల్లల్ని విడిపించుకుని బస్సెక్కడం. ఆ వెంటనే ఇంకో దేశం నుంచి ఇంకో టీమ్ వస్తుంది, ఆ పిల్లలు మళ్ళీ మెడ చుట్టూ చేతులు వేస్తారు. ఎవరు కనిపిస్తే వాళ్ళను అలా వాటేసుకోవడం ప్రేమ ఎక్కువై కాదు. ఉండిపోయేవాళ్ళు ఎవరూ లేక. దీన్ని నేపాలీ పాస్టర్ గారు ఎంత నెమ్మదిగా చెప్పారో నాకింకా గుర్తుంది.

అందుకే ఆయన మాకు అప్పగించిన పని, ఉండిపోయేవాళ్ళకు చెయ్యి సాయం. చనిపోయిన సోదరుడి తల్లి ఇంటి పైకప్పు కారుతోంది. మాతో వచ్చిన తాపీమేస్త్రి, ఆ సంఘం యువకులు కలిసి రేకులు వేశారు. మా ఆడవాళ్ళం మొక్కజొన్న చేలో కలుపు తీశాం. ఆ కొండమీద ఒక పిల్లను పినతల్లి పెంచుతోంది, ఆమెకు కుట్టుమిషన్ రిపేరు చేయించి ఇచ్చాం. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి మేం కొత్తవాళ్ళమే, వాళ్ళ నాన్నమ్మే వాళ్ళకు అన్నం పెట్టింది. అలా ఉండడమే బాగుంది. మా సంఘం డబ్బు అక్కడి సంఘం ద్వారా ఆ ముసలామెకు చేరుతుంది, పుస్తకాలకీ బట్టలకీ. శనివారం ఆరాధన అయ్యాక పాస్టర్ గారు ఫోన్ చేసి ఎవరు ఎలా ఉన్నారో చెప్తారు, మేం పేరు పేరునా ప్రార్థన చేస్తాం. ఇంత దూరం నుంచి మా వల్ల అయ్యే మొర్దెకై పని ఇదే.

ఇక వచనం రెండో సగం, ఇహలోక మాలిన్యం. దీన్ని మనం తాగుడు, సినిమాలు అని చెప్పి వదిలేస్తాం. కానీ యాకోబు దాన్ని పిల్లల మాట పక్కనే పెట్టాడు. పిల్లలకు సేవ చేసేటప్పుడే అంటుకునే మాలిన్యం ఒకటుంది, కనబడాలన్న కోరిక. పిల్లవాడికి బిస్కెట్ ప్యాకెట్ ఇస్తూ ఫోటో, వాట్సాప్ స్టేటస్, తిరిగొచ్చాక గుడి ముందు ఫ్లెక్సీ. ఆ పిల్లవాడు రేపు పెద్దవాడై తన ముఖం "అనాథ" అనే మాట కింద చూసుకుంటే ఎలా ఉంటుంది? మన దేశంలో 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడం నేరం. చట్టం లేకపోయినా, ఎడమ చేతికి తెలియకూడదని ప్రభువు చెప్పాడు కదా. పిల్లల ముఖాలు తీయవద్దని ఆ పాస్టర్ గారు ముందే అడిగారు, మేం తీయలేదు. తిరిగొచ్చాక సంఘంలో చూపించింది రేకులు వేసిన ఇంటి ఫోటో ఒక్కటే. కొందరు నిరాశపడ్డారు. పడనివ్వండి.

ఉద్దానం వాళ్ళకు ఈ సంగతి అర్థం కాకపోవడానికి లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరీ జీడీ నేలమట్టమయ్యాయి. బియ్యం, దుప్పట్లు తెచ్చిన ప్రతి ఒక్కరినీ దేవుడు దీవించాలి. కానీ కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఐదారేళ్ళు, ఆ ఏళ్ళన్నీ పక్కన ఉన్నవాళ్ళు కొద్దిమందే. కిడ్నీ జబ్బుతో తండ్రులు పోయిన ఇళ్ళు కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు అంతటా ఉన్నాయి. చేపల వేటకు గుజరాత్ వెరావల్ వెళ్ళినవాళ్ళ పిల్లలు ముసలివాళ్ళ దగ్గరే పెరుగుతున్నారు. వీళ్ళను హాస్టల్‌కు పంపేముందు ఒక మాట తెలుసుకోండి. తండ్రి పోయి తల్లి పెంచుతున్న పిల్లలకు, ఇద్దరూ పోయి బంధువుల దగ్గర ఉన్న పిల్లలకు మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు, పట్టణాల్లో 96,000. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు చేయాలి. కాగితాలు రాసిపెట్టడం, ఆఫీసుకు తోడు వెళ్ళడం కూడా పరిచర్యే. పిల్లలకు ఏ ఆపద వచ్చినా 1098కి ఫోన్ చేయవచ్చు.

పొలంలో మరచిపోయిన పన (కోసిన పైరు కట్ట) కోసం వెనక్కి వెళ్ళవద్దు, అది పరదేశికీ తండ్రి లేనివాడికీ విధవరాలికీ ఉండాలి అని ద్వితీయోపదేశకాండం 24:19 చెప్తుంది. సంక్రాంతి దాటాక మా గుడిలో కోత పండుగ. వరి కంకులు, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, నాటుకోళ్ళు తెచ్చి ఆరాధన అయ్యాక వేలం వేస్తాం. ఆ డబ్బులో సగం మన మండలంలోనే నాన్నమ్మల దగ్గర, అమ్మమ్మల దగ్గర పెరుగుతున్న పిల్లల కోసమని, సగం మక్వాన్‌పూర్ సంఘానికని పెద్దలు రాశారు. మళ్ళీ నేపాల్ వెళ్ళేటప్పుడు ఇంకో రెండు ఇళ్ళకు రేకులు వెయ్యాలి కాబట్టి మేస్త్రీ పని తెలిసినవాళ్ళే వెళ్తారు. ఆ ముసలామెకు మోకాళ్ళ నొప్పి ఎక్కువైందని పోయిన శనివారం ఫోన్లో చెప్పారు, మా సంఘంలో నర్సుగా చేసే చెల్లెలు కూడా పేరు ఇచ్చింది.