కాలనీలో పోయినవాళ్ల మీద సంచిక వేసేటప్పుడు

ఏడాది తిరిగేసరికి కాలనీలో ఆరుగురో ఎనిమిది మందో పోతారు. డిసెంబర్‌లో సంక్షేమ సంఘం ఆ పోయినవాళ్ల ఫొటోలతో ఓ చిన్న పుస్తకం వేసి, కమ్యూనిటీ హాల్లో సంస్మరణ సభ పెడుతుంది. పుస్తకం తెరిస్తే ఎనిమిది మందీ ఒకే మనిషిలా ఉంటారు. మృదుస్వభావి, స్నేహశీలి, నలుగురికీ తలలో నాలుక. ఫొటో మీద చెయ్యి అడ్డం పెట్టి చదివితే అది ఎవరి పేజీయో ఆ ఇంటివాళ్లు కూడా చెప్పలేరు. రాసేవాళ్లకు రాయడం రాక కాదు, డిసెంబర్‌లో రాయడానికి కూర్చునేసరికి చేతిలో వివరాలు ఉండవు. ఈ పని అసలు జరగాల్సింది మనిషి పోయిన మొదటి నెలలో.

మొదటి మూడు రోజులు ఆ ఇంటి గడపలో కాగితం, పెన్ను పట్టుకుని నిలబడకూడదు. దినాలు అయ్యాక, నెల మాసికంలోపు వెళ్లాలి. ముస్లింల ఇంటికైతే జియారత్ అయ్యాక, క్రైస్తవుల ఇంటికైతే ఆదరణ కూడిక అయ్యాక. అంతకన్నా ఆలస్యం చేస్తే రెండు నష్టాలు. ఊరి నుంచి వచ్చిన తమ్ముళ్లు, అక్కాచెల్లెళ్లు తిరిగి వెళ్లిపోతారు. పోయినవాళ్ల చిన్నతనం తెలిసింది వాళ్లకే, పిల్లలకు తెలిసేదల్లా తాము పుట్టిన తర్వాతి కథ. రెండోది, బీరువా ఖాళీ అవుతుంది. సర్వీసు పుస్తకం, పాత గుర్తింపు కార్డు, జీతం చీటీలు పాత పేపర్ల బండికి పోయాక ఎవరినడిగీ లాభం లేదు.

ఇద్దరు వెళ్లాలి, ఒకరు మాట్లాడటానికి, ఒకరు రాయడానికి. అందులో ఒకరు ఆడవాళ్లయితేనే ఇంట్లో ఆడవాళ్లు నోరు విప్పుతారు. అరగంట మించి కూర్చోవద్దు.

ముందు తేదీలు తేల్చుకోవాలి, తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే. రాత్రి రెండున్నరకు ప్రాణం పోతే ఇంట్లోవాళ్లు గురువారం అంటారు. ఆస్పత్రి కాగితంలో శుక్రవారం తేదీ ఉంటుంది. మన లెక్కలో సూర్యోదయంతో రోజు మారుతుంది, ఆస్పత్రి లెక్కలో అర్ధరాత్రితో. ఇద్దరిదీ తప్పు కాదు. పుస్తకంలో మాత్రం మరణ ధ్రువపత్రంలోని తేదీనే వేయాలి, ఇంటివాళ్లు కోరితే పక్కన తిథి కూడా. ధ్రువపత్రం ఇంకా తీసుకోలేదంటే ఓ మాట చెప్పి రావడం మంచిది. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. 30 రోజులు దాటితే అనుమతి, కాగితాలు అంటూ తిరగాల్సి వస్తుంది, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి.

పుట్టిన తేదీ ఇంకా చిక్కు. పాతకాలం వాళ్లలో సర్టిఫికెట్ ప్రకారం జూలై 1న పుట్టినవాళ్లు తెగ కనిపిస్తారు. బడిలో చేర్చుకున్న రోజున పంతులుగారు వయసు అంచనా కట్టి వేసిన తేదీ అది. జూన్ 30న రిటైరైన ప్రభుత్వోద్యోగి అంటే సందేహించాల్సిందే, ఎందుకంటే ఒకటో తారీఖున పుట్టినవాళ్లు ముందు నెల ఆఖరి రోజునే దిగిపోతారు. ఇంట్లో అమ్మమ్మ చెప్పే లెక్క వేరే ఉంటుంది: పోలీసు చర్యప్పుడు పాకుతున్నాడు అంటే 1948 సెప్టెంబర్ నాటికి ఎనిమిది, తొమ్మిది నెలల బిడ్డ. తెలంగాణ పల్లెల్లో పుట్టి ఎనభై దాటినవాళ్ల పాత కాగితాలు బయటపడితే ఉర్దూలో, ఫసలీ సంవత్సరంలో ఉంటాయి. నిజాం రాజ్యంలో ఫసలీ ఏడాది అక్టోబర్‌లో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఆ సంవత్సరానికి 590 కలిపితే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన సంవత్సరం వస్తుంది, జనవరి నుంచి 591 కలపాలి. ఖుర్దాద్ అందులో ఏడో నెల. కాబట్టి ఖుర్దాద్ 1347 అంటే 1938 ఏప్రిల్-మే ప్రాంతం. ఈ లెక్క తెలియక ఆ కాగితాన్ని పనికిరానిదని పక్కన పడేస్తారు, నిజానికి ఆ ఇంట్లో అంతకన్నా నమ్మదగిన తేదీ ఉండదు. రెండు తేదీలూ కుదరకపోతే ఏడాది వేసి ఊరుకోండి. తప్పు తేదీ కన్నా ఒట్టి సంవత్సరం నయం.

పేరు ఆధార్ కార్డు చూసి రాయకండి. ఇంగ్లిష్ అక్షరాల్లోంచి తెలుగులోకి తెచ్చేసరికి దొంతివారు డొంతివారు అవుతారు. ఇంటివాళ్ల చేతే తెలుగులో రాయించుకుని, ఆ కాగితాన్ని ఫొటో తీసుకోవాలి. ఇంటిపేరు పొడి అక్షరంగా వదిలేస్తే పదేళ్ల తర్వాత ఆ ‘కె.’ ఏమిటో ఎవరికీ తెలియదు. ఆడవాళ్లకైతే పుట్టింటి పేరు, ఊరు కూడా అడగాలి. ముప్పై ఏళ్లు పక్కింట్లో ఉండి కూడా ‘లెక్కల సార్ వాళ్లావిడ’ అనే పిలుపు తప్ప ఆమె అసలు పేరు ఎవరికీ తెలియని సందర్భాలు ఎన్నో.

ఇక బతుకు సంగతి. ‘ఎలాంటివారు?’ అని అడిగితే ‘చాలా మంచివారు’ అనే జవాబే వస్తుంది. అడిగినవాళ్లదే లోపం. చేతులతో ఏం చేసేవారో అడగాలి. పొద్దున లేచి మొదట ముట్టుకునే వస్తువేది, డ్యూటీకి ఎన్నో నంబరు బస్సు ఎక్కేవారు, ఏ షిఫ్టు, టిఫిన్ డబ్బాలో ఏం పట్టుకెళ్లేవారు, ఇంట్లో ఎవరినీ ముట్టుకోనివ్వని పనిముట్టు ఏది. ‘ఆయన మీద మీకు కోపం దేనికొచ్చేది?’ అన్న ప్రశ్న అన్నిటికన్నా పనిచేస్తుంది. వచ్చిన జవాబంతా అచ్చువేయలేం గానీ, అసలు మనిషి కనిపించేది అందులోనే. కొడుకు చెప్పిన దాన్ని ఓసారి షిఫ్టులో కలిసి పనిచేసినవాళ్లతో సరిచూసుకోవాలి.

ఫ్యాక్టరీ ఉద్యోగం చేసినవాళ్ల దగ్గర ఇంకాస్త జాగ్రత్త అవసరం. హైదరాబాద్‌లోని సనత్‌నగర్, బాలానగర్, కవాడిగూడ, చింతల్ ప్రాంతాల్లో బతికిన తరం ఇప్పుడు ఒక్కొక్కరే వెళ్లిపోతోంది, వాళ్ల పని గురించి తెలిసినవాళ్లు తగ్గిపోయారు. హెచ్‌ఎంటీ అనగానే పిల్లలు ‘వాచీల కంపెనీ’ అని రాసిస్తారు. హైదరాబాద్ హెచ్‌ఎంటీలో తయారైనవి యంత్ర పరికరాలు, బల్బుల వంటివి. ఇక్కడ వాచీలు చేసింది ఆల్విన్, ఫ్రిజ్‌లకూ బస్సు బాడీలకూ పేరున్న ఆల్విన్. మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్ అంటే యాంటీబయాటిక్స్ అని వేసేస్తారు. అవి రిషికేశ్ ప్లాంటువి, బాలానగర్‌లో చేసినవి సింథటిక్ మందులు. కాబట్టి కంపెనీ పేరుతో ఆగొద్దు. ఏ షాపు (ఫ్యాక్టరీలో ఏ విభాగం), ఏ మెషీను, చేతికి ఏ వాసన అంటుకుని ఇంటికొచ్చేవారు, ఫ్యాక్టరీ మూతపడ్డాక ఏం చేసి ఇల్లు గడిపారు, అవన్నీ కావాలి. ఆ ఆఖరిది చాలామంది దాచేస్తారు. మూతపడ్డాక కిరాణా కొట్టు పెట్టడమో, ఆటో నడపడమో పరువు తక్కువని వాళ్ల బాధ. నా మటుకు ఆ పేజీలో అచ్చువేయదగ్గ మొదటి సంగతి అదే. కానీ ఇంటివాళ్లు వద్దంటే వద్దే.

ఇంట్లో ఉండి పనిచేసిన ఆడవాళ్ల పేజీ సగం ఖాళీగా రావడం మామూలే. ‘కుట్టుపనిలో దిట్ట’ అని రాసి వదిలేస్తారు. దానికి బదులు ఇలా రాయొచ్చు: ‘జాకెట్టు కుడితే పక్క కుట్టు లోపల ముప్పాతిక అంగుళం గుడ్డ వదిలేవారు, ఒళ్లొస్తే విప్పి వదులు చేసుకోవచ్చని. ఆ గుడ్డ కత్తిరించి పారేసే టైలర్లంటే ఆమెకు పడేది కాదు.’ రెండు వాక్యాలు చాలు, ఆమె చేత జాకెట్లు కుట్టించుకున్న ప్రతివాళ్లూ గుర్తుపడతారు.

మనిషికి 150 నుంచి 200 మాటలు, ఒక్క పేజీ. డాక్టరుకూ అంతే, పాలమూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లు గేటు దగ్గర కాపలా కాసిన వాచ్‌మన్‌కూ అంతే. సంఘం రిజిస్టరు చూసి జాబితా తయారు చేస్తే యజమానుల పేర్లే వస్తాయి. అద్దెకున్నవాళ్లు, ఇస్త్రీ బండి ఆయన, పనిచేసే ఆమె రిజిస్టర్లో ఉండరు. అందుకే జాబితా గేటు దగ్గరా, కిరాణా కొట్లోనూ అడిగి తయారు చేయాలి.

పిల్లల పేర్లు వేస్తే అందరివీ వేయాలి, లేదంటే ఎవరివీ వద్దు. కొడుకులు, మనవళ్లు అందరూ ఉండి కూతురు లేని పేజీలు ఇప్పటికీ వస్తున్నాయి. ఏ జబ్బుతో పోయారో అనవసరం. ‘శివైక్యం’, ‘ప్రభువునందు నిద్రించారు’ లాంటివి ఆ ఇంటివాళ్లు కోరితే ఉంచండి, లేకుంటే అందరికీ ‘కన్నుమూశారు’ సరిపోతుంది. రాసింది వాట్సాప్‌లో పంపి ఓకే అనిపించుకుంటే చాలదు. పోయినాయన భార్యకు ఫోన్లోనైనా చదివి వినిపించాలి. పంపింది కొడుకు చదవకుండానే బొటనవేలు గుర్తు పెడతాడు.

ఫొటో దగ్గర పని చెడేది ఎక్కువగా తొందర వల్లే. దండ వేసి, అద్దం మీద కుంకుమ పెట్టిన ఫొటోను సెల్‌ఫోన్‌తో తీసి పంపుతారు, అందులో ట్యూబ్‌లైటు కూడా కనిపిస్తుంది. ఫ్రేములోంచి తీసి స్కాన్ చేయించాలి. అయితే పాత ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగొద్దు, ముఖం ఊడి అద్దానికే ఉండిపోతుంది. అద్దంతోపాటే స్కానర్ మీద పెట్టండి. 35 మిల్లీమీటర్ల వెడల్పున్న పాస్‌పోర్టు ఫొటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే దాదాపు 827 పిక్సెళ్లు వస్తాయి. అచ్చుకు కావాల్సిన 300 డీపీఐలో అది 7 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. అంతకన్నా పెంచితే మసకే. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించేస్తుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపమనండి. ముఖాన్ని ‘మెరుగుపరిచే’ యాప్‌ల జోలికి మాత్రం వెళ్లొద్దు. ముడతలు పోతాయి, కళ్లు మారిపోతాయి, ఆయన స్థానంలో ఆయన పోలికలున్న ఇంకెవరో వచ్చి కూర్చుంటారు. ఫైలుకు మనిషి పేరు పెట్టాలి. ఒకరి పేజీలో ఒకరి ఫొటో పడటాన్ని మించిన తప్పు ఈ పనిలో లేదు, అది జరిగేది ఫైళ్లన్నీ నంబర్లతో ఉన్నప్పుడే.

డీటీపీ సెంటర్లో మరో గండం ఉంది. మనం ఫోన్లో టైపు చేసేది యూనికోడ్, వాళ్లలో చాలామంది ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పనిచేస్తారు. మార్చేటప్పుడు వత్తులు చెదురుతాయి, రాష్ట్రం, స్త్రీ లాంటి జంటవత్తుల మాటల్లో మరీను. ప్రూఫు చూసేటప్పుడు మొదట పేర్లు, తేదీలు చూడాలి, అదీ ఇంటివాళ్లు రాసిచ్చిన మొదటి కాగితంతో పోల్చి. ఏ5 సైజు, మధ్యలో పిన్ను అయితే పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి. ఎనిమిది మందికి 12 పేజీలు చాలు. లోపల 90 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) మాప్‌లిథో కాగితం వేస్తే వెనక ఫొటో నీడ ముందుకు కనిపిస్తుంది, 130 ఆర్ట్ పేపర్ మేలు. రెండు వందల లోపు కాపీలకు డిజిటల్ ప్రింటే చవక.

సభ గుడి ఆవరణలో పెడితే ఏటిసూతకంలో ఉన్న కుటుంబాలు లోపలికి రావు, అసలు రావాల్సింది వాళ్లే. కమ్యూనిటీ హాలే సరైన చోటు. సభ డిసెంబర్‌లో కాక ఇంకెప్పుడైనా పెట్టాల్సి వస్తే, పెత్రమాస (మహాలయ అమావాస్య) ముందు పక్షం రోజులు వద్దు, అప్పుడు ఎవరిళ్లలో వాళ్లు పెద్దలకు బియ్యమిచ్చే పనిలో ఉంటారు. రంజాన్ నెలలో సాయంత్రాలు, నవంబర్ 2న క్రైస్తవులు సమాధుల దగ్గరికి వెళ్లే రోజు కూడా వదిలేయండి. ఫొటోలు పోయిన తేదీల వరసలో పెట్టాలి, హోదా వరసలో కాదు. ముఖ్య అతిథి అక్కర్లేదు. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో ఒక సంస్మరణ సభకు వెళ్లి కూర్చుంటే ఎందుకంటున్నానో తెలుస్తుంది: ఆఖర్న వచ్చిన అతిథి పోయినాయనతో తన పరిచయం గురించి మొదలుపెట్టి తన గురించే ముగిస్తాడు. మనిషికి ఇద్దరు వక్తలు, ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. ఎనిమిది మందికి గంట దాటుతుంది, అంతకుమించి జనం కూర్చోరు. ముందు పేర్లు చదివి, రెండు నిమిషాల మౌనం పాటించి, ఆ తర్వాతే మాటలు. మౌనానికి ఒకరు గడియారం చూడాలి, లేదంటే నలభై సెకన్లకే మైకులో ‘ధన్యవాదాలు’ వినిపిస్తుంది. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు చాలు, భోజనాలు పెడితే ఫంక్షన్ అయిపోతుంది.

ప్రతి ఇంటికీ ఒకటి, పోయినవాళ్ల కుటుంబాలకు తలా పది కాపీలు. పుస్తకం చేతికొచ్చిన వారంలో తప్పులు బయటపడతాయి. వాటిని ఒక కాపీలో ఎర్ర పెన్నుతో దిద్ది, ‘సరిదిద్దినది’ అని అట్ట మీద రాసి సంఘం బీరువాలో ఉంచాలి, పీడీఎఫ్‌నూ దిద్ది పెట్టుకోవాలి. అరువు తెచ్చిన ఫొటోలు, సర్టిఫికెట్లు ఎవరివి వాళ్లకు కవర్లో పెట్టి, మీద పేరు రాసి, చేతికే ఇచ్చి రావాలి. వాచ్‌మన్ దగ్గర వదిలిపెట్టొద్దు.