హీరోయిన్ చనిపోని కథ

శనివారం నాకు కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ వేసుకునే రోజు. వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మందు అది. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని డాక్టర్‌గారు మొదట్లోనే గట్టిగా చెప్పారు. అందుకే క్యాలెండర్‌లో శనివారాలన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టుకుంటాను. వేసుకున్న మర్నాడు కడుపులో తిప్పుతుంది, లేవబుద్ధి కాదు. ఆదివారం ఎలాగూ మంచం మీదే గడిచిపోతుంది కాబట్టి శనివారం సాయంత్రం మాత్రం మాదే అనుకుని ఏదో ఒక సినిమా పెట్టుకుంటాం. ఇవాళ 2010లో వచ్చిన 'లవ్ అండ్ అదర్ డ్రగ్స్' చూశాం.

పొద్దున మామూలే. కీళ్లవాతం ఉన్నవాళ్లకి పొద్దున్నపూట ఎలా ఉంటుందో చెబితే చాలామంది నమ్మరు. వేళ్లు బిగుసుకుపోయి పిడికిలి పడదు. వేడినీళ్లలో చేతులు ముంచుకుని కాసేపు కూర్చున్నాకే కాఫీ గ్లాసు పట్టుకోగలను. అందుకే మా ఆయన రాత్రి పడుకునే ముందు వంటింట్లోకి వెళ్లి కాఫీపొడి డబ్బా, ఆవకాయ సీసా, నా మంచినీళ్ల బాటిలు మూతలన్నీ కొంచెం వదులు చేసి పెడతారు. ఎప్పటినుంచి మొదలుపెట్టారో నాకు గుర్తులేదు. ఆయనా ఎప్పుడూ చెప్పలేదు.

సినిమా సంగతికొస్తే, కథ తొంభైల్లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో జరుగుతుంది. హీరో జేక్ జిలెన్హాల్ మందుల కంపెనీ తరఫున డాక్టర్ల చుట్టూ తిరిగే మెడికల్ రెప్. ఒకప్పుడు ఫైజర్ కంపెనీలో వయాగ్రా అమ్మిన ఒకాయన రాసుకున్న అనుభవాల ఆధారంగా తీశారు. మా తమ్ముడు గుంటూరులో కొన్నేళ్లు ఆ ఉద్యోగమే చేశాడు కాబట్టి మొదటి అరగంట నాకు వాడే కనిపించాడు. మండుటెండలో టై కట్టుకుని, బరువైన బ్యాగుతో పేషెంట్ల మధ్య కూర్చుని డాక్టర్‌గారి పిలుపు కోసం ఎదురుచూడటం, లోపలికెళ్లాక దొరికే రెండు నిమిషాల్లోనే చెప్పాల్సిందంతా చెప్పేయడం. సినిమాలో హీరో పోటీ కంపెనీ శాంపిల్స్ తీసుకెళ్లి చెత్తకుండీలో పడేస్తాడు. ఇల్లూ వాకిలీ లేని ఒకాయన ఆ మాత్రలే ఏరుకుని వాడి బాగుపడతాడు. మా ఆయన దానికి పడిపడి నవ్వారు.

హీరోయిన్ మ్యాగీకి ఇరవయ్యారేళ్లకే పార్కిన్సన్స్. మెదడులో శరీరం కదలికలకి అవసరమైన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోతూ రావడం వల్ల వచ్చే జబ్బది. మనం దాన్ని ముసలివాళ్ల వణుకుడు రోగం అనుకుంటాం గానీ చిన్న వయసులోనూ వస్తుంది. నటుడు మైకేల్ జె. ఫాక్స్‌కి 1991లో ఆ సంగతి తెలిసేనాటికి ఇరవై తొమ్మిదేళ్లే. మ్యాగీగా ఆన్ హాథవే ఎంత బాగా చేసిందంటే, ఆమె గొంతులోని ఆ పొగరంతా భయమేనని నాకు మొదటి సీన్‌లోనే అర్థమైంది. ఎవరైనా దగ్గరకొస్తుంటే ముందే తలుపు వేసేస్తుంది. అది నాకు బాగా తెలుసు.

ఆమె మందుల కోసం పడే టెన్షన్ చూస్తుంటే 2020 ఏప్రిల్ గుర్తొచ్చింది. నేను వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ కరోనాకి పనిచేస్తుందని ప్రచారం జరిగి షాపుల్లో దొరక్కుండా పోయింది. లాక్‌డౌన్‌లో మా ఆయన మాస్కు కట్టుకుని, ప్రిస్క్రిప్షన్ జేబులో పెట్టుకుని, పోలీసులకి అది చూపిస్తూ ఊరంతా తిరిగారు. రెండు స్ట్రిప్పులు దొరికాయి. వాటిని రోజు విడిచి రోజు వేసుకుంటూ లాక్కొచ్చాను. మ్యాగీ పెద్దవాళ్లని బస్సులో ఎక్కించుకుని చవక మందుల కోసం కెనడా సరిహద్దు దాటిస్తుంది. ఆ బస్సులో కూర్చున్న ముఖాలు నాకు తెలిసిన ముఖాల్లాగే ఉన్నాయి.

సినిమా మొత్తానికి గుండెకాయ చికాగో సీన్. డాక్టర్లు, కంపెనీలవాళ్లు ఒకచోట పెద్ద సభ పెట్టుకుంటే, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు రోడ్డుకి అవతల తమ సొంత సభ పెట్టుకుంటారు. ఒక్కొక్కరే మైకు ముందుకొచ్చి తమ వణుకు మీద తామే జోకులు వేస్తారు. వాళ్లలో నిజజీవితంలో ఆ జబ్బు ఉన్న నటి కూడా ఉన్నారు. మ్యాగీ ముఖం వెలిగిపోతుంది. తనలాంటివాళ్లు ఇంతమంది ఉన్నారని, నవ్వుతూ బతుకుతున్నారని ఆమెకి తెలిసింది ఆ రోజే. సరిగ్గా అప్పుడే, అక్కడే, హీరోకి ఒక పెద్దాయన తగులుతాడు. ఆ పెద్దాయన భార్యకీ ఇదే జబ్బు, బాగా ముదిరిపోయింది. సలహా ఏమైనా చెప్పండని ఇతను అడిగితే, పెట్టె సర్దుకుని వెళ్లిపో, ఆరోగ్యంగా ఉన్న అమ్మాయిని చూసుకో అంటాడు. భార్య మీద ప్రేమ లేక కాదు. మళ్లీ మొదటినుంచి ఇదంతా పడలేనని చెబుతున్నాడంతే.

ఒకే హాల్లోంచి ఆమె ధైర్యంతో బయటికొస్తే, అతను భయంతో వచ్చాడు. ఇక అక్కణ్ణుంచి మందు కోసం పరుగు. ఈ ఊరు, ఆ ఊరు, ఈ స్పెషలిస్టు, ఆ టెస్టు. ఒకచోట అపాయింట్‌మెంట్ వాయిదా పడితే రిసెప్షన్ దగ్గర గొడవపడతాడు. నయమైతేనే తనని ప్రేమించగలడేమోనని మ్యాగీకి అనుమానం వచ్చి వద్దనేస్తుంది. నేను ఆ అమ్మాయి పక్షమే. నా జబ్బు బయటపడ్డ కొత్తలో మా ఇంట్లోనూ ఇదే పరుగు. హైదరాబాద్, వెల్లూరు, కేరళ ఆయుర్వేదం, ఎవరో చెప్పిన పసరు. అందరూ నా మేలు కోరినవాళ్లే. కానీ ఎవరితో మాట్లాడినా నయం చేయడం గురించే తప్ప, ఇవాళ నువ్వెలా ఉన్నావని అడిగిన మనిషి కరువయ్యారు.

మన 'గీతాంజలి' సినిమా నాకు ప్రాణం. కానీ అక్కడ ఇద్దరికీ ఉన్నది ప్రాణం తీసే జబ్బే. ఉన్న నాలుగు రోజులూ ప్రేమగా గడపడంలో ఒక అందం ఉంది. మ్యాగీ చనిపోదు. రేపూ ఉంటుంది, పదేళ్ల తర్వాతా ఉంటుంది, చొక్కా గుండీలు ఒకరు పెట్టాల్సిన రోజూ వస్తుంది. ఇలాంటి ప్రేమకథలు మనవాళ్లు ఇంకా తీయాలి. ఇందులో హీరో తల్లిగా కొద్దిసేపు కనిపించే జిల్ క్లేబర్గ్ ఇరవై ఏళ్లకు పైగా లుకేమియా అనే ఒకరకం రక్త క్యాన్సర్‌తో బతుకుతూనే నటించారు. సినిమా విడుదలకి కొద్దిరోజుల ముందే, 2010 నవంబర్‌లో పోయారు.

చివర్లో హీరో బస్సు వెంటపడి ఆపి, మనసులో మాట చెప్పే సీన్ మా ఆయనకి నచ్చింది. నాకు మరీ తేలిగ్గా ముగించినట్టు అనిపించింది. అది అయ్యాక ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ పెద్దాయన అబద్ధం చెప్పలేదు" అన్నారు.

"మీకూ అలా అనిపిస్తుందా?"

"వెళ్లిపోవాలని ఎప్పుడూ అనిపించలేదు. విసుగు మాత్రం వస్తుంది అప్పుడప్పుడు. నీకు చెబితే బాధపడతావని చెప్పను."

నేను బాధపడలేదు. నిజం చెబుతున్నాను, మనసు తేలికైంది. నాకూ నా జబ్బంటే విసుగే. ఆ విసుగుని ఇన్నాళ్లూ ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకుంటూ వచ్చాం. ఇవాళ మొదటిసారి దాని గురించి మామూలుగా మాట్లాడుకున్నాం. ఇద్దరికీ ఆకలేసి ఉప్మా చేసుకున్నాం. ఆయన ఉల్లిపాయలు తరిగారు, నేను కలిపాను.

బెంగళూరులో ఎవరో కొత్త వైద్యం చేస్తున్నారని ఆయన స్నేహితుడు రెండు వారాలుగా ఫోన్ చేస్తున్నాడు. వద్దని చెప్పేయమన్నాను. "సరే, రేపు చెప్పేస్తా. నీ బ్లడ్ టెస్ట్ మాత్రం సోమవారం చేయించాలి, మర్చిపోకు" అన్నారు. ఈ మందు వాడుతున్నంతకాలం లివర్ టెస్టు, రక్తకణాల లెక్క చూసే సీబీసీ ఎటూ తప్పవు. పొద్దున్నే ఇద్దరం కలిసి వెళ్దామని అనుకున్నాం. బ్యాంకుకి కాస్త ఆలస్యంగా వస్తానని మేనేజర్‌కి ఇప్పుడే మెసేజ్ పెట్టారు.