శిలాతోరణం దగ్గర ఒక ప్రశ్న

సెలవులకు తిరుపతి వచ్చి, అక్క కూతురితో కొండకు వెళ్లాను. శిలాతోరణం ముందు ఆగి, "చిన్నమ్మా, దీంట్లో డైనోసార్ ఎముకలు ఉంటాయా?" అని అడిగింది. ఉండవు. ఆ రాయి వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. వెన్నెముక ఉన్న జీవులు పుట్టి సుమారు 50 కోట్ల ఏళ్లే.

నా పనంతా ఆ ఎముకలతోనే. అస్థిపంజరం మొత్తం ఒక్కచోట దొరకడం చాలా అరుదు. రోజంతా ఎండలో నడిస్తే ఒక పన్నో, విరిగిన వెన్నుపూసో కనిపిస్తుంది. తర్వాత ల్యాబులో సూదితో రాయిని గీకుతూ నెలలు గడుస్తాయి. తెలంగాణలో యామనపల్లి దగ్గర బయటపడిన కోటసారస్ అనే డైనోసార్‌కు 1988లో శాస్త్రవేత్త యాదగిరి గారు పేరు పెట్టారు. కనీసం 12 జంతువుల ఎముకలు దొరికినా, తలలో మాత్రం రెండు పళ్లే మిగిలాయి! హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో దాని ముందు నిలబడిన రోజే ఈ చదువు చదవాలని నిర్ణయించుకున్నాను.

ఫెలోషిప్ అయిపోతే ఏంటని అమ్మకు ఇప్పటికీ టెన్షనే. ఆ భయం నాకూ ఉంది. అయినా ఇంకో పని చేయాలని ఒక్కరోజూ అనిపించలేదు.

దిగేటప్పుడు పాప ఘాట్ రోడ్డు పక్కన రాతి పొరలు లెక్కపెడుతూనే ఉంది.