ఆ గడిలో అడ్డగీత

“మేడమ్, ఆ గడి అంత ముఖ్యమా?” అని శిక్షణలో ఉన్న విద్యార్థిని అడిగినప్పుడు, ఆమె నింపిన కౌన్సెలింగ్ పత్రం నా చేతిలోనే ఉంది. నిద్ర, ఆకలి, మందులు, కుటుంబం గురించి నిండుగా రాసిన ఆమె, తీరిక వేళల వ్యాపకాలు అన్న చోట మాత్రం ఒక అడ్డగీత గీసి వదిలేసింది.

ఈ రోజు క్లాసంతా ఆ గీత మీదే నడిచింది. ఇష్టమైన పనులు తగ్గేకొద్దీ మనసు కుంగుతుందనీ, కుంగిన మనిషి మిగిలిన పనులనూ వదులుకుంటాడనీ 1970లలో మనస్తత్వవేత్త పీటర్ లెవిన్సన్ వివరించారు. కుంగిన మనిషిని నచ్చిన పనుల వైపు మెల్లగా మళ్లించే బిహేవియరల్ యాక్టివేషన్ చికిత్సకు ఆ ఆలోచన ఒక పునాది. మనుషులు తీరిక వేళలను ఎలా గడుపుతారో పరిశీలించే తీరిక అధ్యయనాల వైపు నుంచి సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ స్టెబిన్స్ 1982లో ‘సీరియస్ లీజర్’ (పట్టుదలగా సాగించే వ్యాపకం) భావనను ముందుకు తెచ్చి, ఒక వ్యాపకంలో ఏళ్ల తరబడి నైపుణ్యం పెంచుకున్నవారికి అదే తమ గుర్తింపులో భాగమవుతుందని చెప్పారు.

మనస్తత్వశాస్త్రం, తీరిక అధ్యయనాలు అనే ఈ రెండు శాఖలనూ కలిపి బోధించడం నాకు ప్రాణం. పాడటం మానేశానన్న మనిషిని ఎప్పటి నుంచి మానేశారు, ఎవరితో కలిసి పాడేవారు అని అడిగితే, లక్షణాల పట్టికలో ఎక్కడా కనిపించని సంగతులు బయటకు వస్తాయి.

అయితే “ఏదైనా హాబీ పెట్టుకోండి” అనడం కౌన్సెలింగ్ కాదని నా గట్టి అభిప్రాయం. మంచం దిగడమే కష్టంగా ఉన్నవారికి అది మరో బరువు. అందుకే, వారికి ఒకప్పుడు నచ్చిన పనిలో అతి చిన్న భాగాన్ని వారినే ఎంచుకోమని, అది చేశాక మనసు ఎలా ఉందో రాసిపెట్టుకోమని కోరతాం.